బ్రేకు ప్యాడ్లు మార్చుట: చదువుకున్న చేతులకు తగని పనియా?

ఘర్షణ అనగానేమి అని ప్రశ్నిస్తే సమాధానము చెప్పలేని విజ్ఞానశాస్త్ర విద్యార్థి మన కళాశాలలో ఒక్కడైనా ఉండడు. నిర్వచనము, నియమములు, గుణకము, నిత్యజీవితములో ఉపయోగములు అన్నీ వరుసగా వ్రాసి, ఉదాహరణకు వాహనముల బ్రేకులను పేర్కొని, రావలసిన మార్కులు సంపాదించుకోగలడు. అదే విద్యార్థిని పట్టుకొని, "నాయనా, మీ ఇంటి కారుకు ముందు చక్రముల బ్రేకు ప్యాడ్లు ఎంత మందము మిగిలి ఉన్నవి?" అని అడిగితే, "అది మెకానిక్కుకు తెలియవలెనండీ" అంటాడు. మొదటి ప్రశ్నకు మార్కులున్నవి. రెండవ ప్రశ్నకు మార్కులు లేవు గాని, ఆ కారులో కూర్చున్న తల్లిదండ్రుల, తోబుట్టువుల ప్రాణములున్నవి.

భౌతికశాస్త్ర శాఖకు చెందిన విద్యార్థులము మేము కొందరము ఈ విషయమును గురించి చాలాకాలముగా చర్చించుకొంటున్నాము. మా అభిప్రాయమును దాపరికము లేకుండా మొదటనే మనవి చేస్తున్నాము. అరిగిపోయిన ముందు బ్రేకు ప్యాడ్లను ఇంటి ముంగిట మార్చుకొనుట చదువుకున్న ప్రతి యువకుడు, ప్రతి యువతి నేర్వదగిన పని. డబ్బు మిగులుతుందని మేమీ మాట అనుట లేదు. తాను నమ్మి ఎక్కుతున్న యంత్రములో తన ప్రాణమును కాపాడు భాగమేదో కంటితో చూచి, చేతితో తాకి తెలిసికొనుట విద్యలో భాగమని మా నమ్మకము. అయితే ఈ పనిని సగము నేర్చుట అసలు నేర్వకపోవుట కన్న ప్రమాదకరము. కావుననే దీనిని ఎవరికి వారు ఊహించుకొని చేయరాదనియు, కళాశాలయే పూనుకొని క్రమముగా నేర్పింపవలెననియు మా వాదము.

ముందుగా ఆ వస్తువేమిటో చూతము. చక్రముతోపాటు పోత ఇనుప డిస్కు ఒకటి తిరుగుతూ ఉంటుంది. దానికి ఇరుప్రక్కల రెండు ప్యాడ్లు, వాటిని పట్టి ఉంచు కాలిపర్ అను పిడికిలి వంటి భాగము, ఆ పిడికిలిలో ఒక పిస్టన్ ఉంటాయి. మనము పెడలు తొక్కగానే గొట్టములలోని బ్రేకు ఆయిలు పిస్టన్‌ను త్రోస్తుంది. ప్యాడ్లు రెండు వైపుల నుండి డిస్కును నొక్కి పట్టుకొంటాయి. ప్యాడు అనునది ఉక్కు పలకకు అతికించిన ఘర్షణ పదార్థము. డిస్కు చిరకాలము మన్నవలెనని, అరుగుటకే పుట్టిన వస్తువు ఈ ప్యాడు.

ఇది నిన్న మొన్నటి ఆవిష్కరణ కాదు. ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902 లోనే డిస్కు బ్రేకుకు పేటెంటు పొందినాడు. 1953 లో ఫ్రాన్సులోని లె మాన్ పట్టణమున జరిగిన ఇరవై నాలుగు గంటల పందెమును డిస్కు బ్రేకులు అమర్చిన జాగ్వార్ కారు గెలుచుటతో లోకము దీని వైపు తిరిగి చూచినది. మన రహదారులపై చిరకాలము తిరిగిన పాత అంబాసిడర్ కార్లకు నాలుగు చక్రములకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. నేడు మన ఇండ్లలోని చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు డిస్కు, వెనుక డ్రమ్ము ఉంటున్నవి. బ్రేకు వేయగానే కారు బరువు ముందుకు ఒరుగుతుంది. కావున ఆపు భారములో పెద్ద పాలు ముందు చక్రములదే. ముందు ప్యాడ్లు త్వరగా అరుగుటకు కారణమిదే.

ఆ భారమెంతటిదో ఒక లెక్కతో చెప్పుకొందము. మనుష్యులతో కలిసి వేయి కిలోగ్రాముల బరువున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోతున్నదనుకొనండి. దాని గతిజశక్తి సుమారు 1,39,000 జౌళ్ళు. అదే కారును 14 మీటర్లు, అనగా ఇంచుమించు నాలుగంతస్తుల మేడ ఎత్తుకు లేపుటకు చాలినంత శక్తి అది. వేగము రెట్టింపై 120 అయినప్పుడు శక్తి నాలుగు రెట్లవుతుంది. ఎత్తు 56 మీటర్లు దాటుతుంది. చార్మినారు మీనారుల కొనలకైనను తీసిపోని ఎత్తు! కారు ఆగినప్పుడు ఆ శక్తి ఎక్కడికి పోయినది? ఎక్కడికీ పోలేదు. అత్యధిక భాగము ఆ డిస్కులలో, ఆ ప్యాడ్లలో వేడిగా మారినది. అరచేతి పొడవైన పదార్థపు బిళ్ళలు కొన్ని ఇంత పని చేస్తున్నవని తెలిసినవాడు, వాటి మందము రెండు మిల్లీమీటర్లకు దిగజారినదని విని నిశ్చింతగా నిద్రపోగలడా?

ప్యాడు అరిగినట్లు తెలుపు గుర్తులు కొన్ని ఉన్నవి. క్రొత్త ప్యాడులో ఘర్షణ పదార్థము సాధారణముగా పది మిల్లీమీటర్ల ప్రాంతములో ఉంటుంది. మూడు మిల్లీమీటర్లకు వచ్చినదంటే మార్చు సమయము వచ్చినట్లే. చాలా ప్యాడ్లకు ఒక సన్నని లోహపు రేకు ఉంటుంది. పదార్థము తరుగగానే అది డిస్కును ఒరసికొని కీచుమని అరుస్తుంది. అది మనకు ఇచ్చు హెచ్చరిక. దానిని రేడియో శబ్దము పెంచి కప్పిపుచ్చువారు ఉన్నారు. అటు తరువాత కీచుమను ధ్వని పోయి గరగరమను ధ్వని వస్తుంది. అప్పటికి ఉక్కు పలకయే డిస్కును కోస్తున్నదన్న మాట. బానెట్టు క్రింది డబ్బాలో బ్రేకు ఆయిలు మట్టము మెల్లమెల్లగా తగ్గుట మరొక గుర్తు. ప్యాడ్లు అరిగినకొలది పిస్టన్ ముందుకు జరుగుతుంది గనుక ఆయిలు కొంత అక్కడికి చేరుతుంది. ఈ గుర్తులను గమనించుటకు ఒక్క పానా కూడ అవసరము లేదు. చెవులు, కన్నులు చాలును.

ఇక పని విషయము. దీనిని మేము వివరముగా వ్రాయుటకు కారణమున్నది. ప్రతి మెట్టులోను మనము తరగతిలో చదివినది ఒకటి దాగి ఉన్నది. దానిని విస్మరించినచో జరుగు ప్రమాదము కూడ ఒకటి దాగి ఉన్నది.

కారును సమతలమైన గట్టి నేల మీద నిలిపి, హ్యాండు బ్రేకు వేసి, గేరులో ఉంచి, వెనుక చక్రములకు రాళ్ళో చెక్కలో అడ్డుపెట్టవలెను. చక్రపు నట్లను కారు నేలమీద ఉండగానే కొద్దిగా వదులు చేయవలెను. పైకి లేపిన తరువాత పానా పట్టి లాగినచో కారే జాకీ మీది నుండి జారవచ్చును. లేపిన పిదప జాకీని నమ్మరాదు. జాకీ లేపుటకు మాత్రమే గాని మోయుటకు కాదు. కారు క్రింద సరియైన ఉక్కు స్టాండు ఉంచవలెను. ఇటుకలు పేర్చుట ఆత్మహత్యాసదృశము. ఇటుక హఠాత్తుగా పగిలిపోతుంది, ముందుగా చెప్పదు. విప్పిన స్టెప్నీనో, చక్రమునో కారు అంచు క్రింద పడుకోబెట్టుట ఉస్తాదుల అలవాటు. అది అదనపు రక్షణ మాత్రమే, స్టాండుకు బదులు కాదు.

చక్రము తీసిన పిదప కాలిపర్ బోల్టును విప్పి దానిని పైకెత్తవలెను. పూర్తిగా విప్పినచో తీగతో కట్టి వ్రేలాడదీయవలెను. దాని బరువును బ్రేకు గొట్టము మీద వదలరాదు. ఆ రబ్బరు గొట్టము లోపల చినిగినచో పైకి కనుపింపదు. పాత ప్యాడ్లు ఏ వరుసలో, ఏ వైపు, ఏ బద్దీలతో ఉన్నవో చూచుకొని తీయవలెను. ఒక ప్రక్క పని ముగించిన తరువాతనే రెండవ ప్రక్క ముట్టవలెను. రెండవది విప్పకుండ ఉన్నచో మనకది ఉత్తరములున్న గైడు పుస్తకము వంటిది. కాని ఒక చక్రమునకు మాత్రమే క్రొత్త ప్యాడ్లు వేసి ఊరకుండరాదు. ఇరుప్రక్కల పట్టు సమానము కానిచో బ్రేకు వేసినప్పుడు కారు ఒక వైపుకు లాగుతుంది.

క్రొత్త ప్యాడ్లు మందమైనవి గనుక పిస్టన్‌ను వెనుకకు నెట్టవలెను. పాత ప్యాడును దానికి అడ్డుపెట్టి సీ క్లాంపుతో మెల్లగా బిగించినచో అది లోపలికి పోతుంది. ఇది పాస్కల్ సూత్రమునకు ప్రయోగశాల. ఇక్కడ పిస్టన్ లోనికి పోగానే అక్కడ బానెట్టు క్రింది డబ్బాలో ఆయిలు పైకి వస్తుంది. డబ్బా నిండి పొంగి రంగుమీద పడినచో రంగు లేచిపోతుంది. కనుక ఆ డబ్బాపై ఒక కన్ను ఉంచవలెను. మరొక ముఖ్య విషయము. వాడుకలో ఆయిలు అంటున్నాము గాని, మన కార్లలో వాడు బ్రేకు ఆయిలు నూనె జాతికి చెందినది కాదు. పేరు విని ఇంజను ఆయిలు పోసినచో లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి చెడిపోతాయి, బ్రేకులు నశిస్తాయి. డబ్బా మూతపై డాట్ 3 అనియో డాట్ 4 అనియో వ్రాసి ఉన్నదే పోయవలెను. ఒక మాటను తప్పుగా అర్థము చేసికొన్నందుకు ఇంతటి శిక్ష వేయు నిఘంటువు మరొకటి లేదు.

కాలిపర్ జరుగు పిన్నులకు వేడిని తట్టుకొను గ్రీజు కొద్దిగా పూయవలెను. ప్యాడు ముఖముపై గాని, డిస్కుపై గాని గ్రీజు మరక పడరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, అక్కడి నల్లని దుమ్మును నోటితో ఊదరాదు. పాత కాలపు ప్యాడ్లలో ఆస్బెస్టాస్ వాడేవారు. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని వైద్యశాస్త్రము నిర్ధారించినది. నేటి ప్యాడ్లలో అది లేదనుకొన్నను, ఆ దుమ్ము పీల్వదగినది కాదు. ముఖమునకు మాస్కు ధరించి, తడిగుడ్డతో తుడువవలెను. షెడ్డులలో యువకులు దుమ్మును నోటితో ఊదుటయో, గాలి గొట్టముతో ఎగరగొట్టుటయో మనము నిత్యము చూచుచున్నాము. రసాయనశాస్త్రము చదివిన మనము వారికి ఈ ఒక్క మాటనైనను చెప్పలేకపోయితిమి.

అంతా బిగించి, నట్లను ఒకదాని తరువాత ఎదుటిదానిని బిగించు పద్ధతిలో గట్టిపరచి, కారును దింపిన పిదప ఒక పని మిగిలి ఉంటుంది. కారును కదల్చక పూర్వమే పెడలును పలుమారులు, అది కాలికి గట్టిగా తగులు వరకు, తొక్కవలెను. పిస్టన్ వెనుకకు పోయి ఉన్నది గనుక మొదటి తొక్కుకు పెడలు అడుగంటుతుంది, బ్రేకు పడదు. ఇది మరచి గేటు దాటినవానికి మొదటి మలుపు వద్దనే ఆ సంగతి తెలుస్తుంది. ఆ పైన జనసంచారము లేని త్రోవలో మధ్యస్థమైన వేగము నుండి నెమ్మదిగా బ్రేకు వేయుచు కొన్నిమార్లు ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయవలెను.

ఇక ఆక్షేపణలకు వత్తము. మొదటిది, ప్రమాదకరమైన పని గదా, పిల్లలకెందుకు అని పెద్దలందురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. అందుచేతనే ఎక్కడ ఆగవలెనో కూడ మేము చెప్పుచున్నాము. డిస్కుపై లోతైన గీతలున్నను, దాని మందము అంచున ముద్రించిన కనీసపు కొలత కంటె తగ్గినను, ఎక్కడైనను ఆయిలు కారుచున్నను, పిస్టన్ వెనుకకు పోక మొరాయించినను, పని ముగిసిన పిదప పెడలు మెత్తగా స్పంజివలె తగులుచున్నను, పానా క్రింద పెట్టి నిపుణుని పిలువవలెను. అట్టి స్థితిలో కారును నడుపుకొంటూ పోరాదు. ఈ హద్దు తెలియుటయే ఈ విద్యలో ఉత్తీర్ణత.

మన దేశములో 2022 లో రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది అని కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ లెక్క. వీరందరు బ్రేకులు చెడినందున మరణించినారని చెప్పుట అసత్యము. ఆ నివేదికలలో పెద్ద కారణముగా కనుపించునది అతివేగము. కాని మా వాదమునకు బలము అక్కడే ఉన్నది. డిస్కు, ప్యాడు చేతబట్టి చూచినవాడు, వేగము రెట్టింపైనచో భారము నాలుగు రెట్లగునన్న సూత్రమును కాగితము మీది అక్షరములుగా తలపడు. ఆ చిన్న బిళ్ళ జ్ఞప్తికి వచ్చి కాలు తానే తేలికపడుతుంది.

రెండవ ఆక్షేపణ, మనమే చేసికొన్నచో మెకానిక్కుల పొట్ట కొట్టినట్లు కాదా అని. ఈ ప్రశ్న మాకు పరాయిది కాదు. మాలో కొందరి తండ్రులు, అన్నలు షెడ్డులలో పనిచేయువారే. సికింద్రాబాదు రాణీగంజ్ విడిభాగముల దుకాణములలోను, విజయవాడ ఆటోనగర్‌లోను చెమటోడ్చువారు మనవారే. కాని వారి పొట్ట కొట్టునది తెలిసిన గిరాకీ కాదు, తెలియని గిరాకీ. పని తెలియనివాడు మంచి పనికిని చెడ్డ పనికిని భేదమెరుగడు. చవుక ధర ఒక్కటే చూచును. నకిలీ ప్యాడ్లు వేసినవానికి, అసలు ప్యాడ్లు వేసి పిన్నులు శుభ్రపరచి ఇచ్చినవానికి ఒకే కూలి దొరుకును. ఒక్కసారి తన చేతులు నల్లబడినవాడు మాత్రము ఉస్తాదు అడిగిన కూలిని బేరమాడడు. అందులో ఎంత శ్రమ, ఎంత జాగ్రత్త ఉన్నవో వాడెరుగును.

మూడవ ఆక్షేపణ పైకి చెప్పరు, మనస్సులో ఉంచుకొందురు. చదువుకున్నది చేతులకు గ్రీజు పూసికొనుటకా అని. కళాశాల దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట మెకానిక్ అని వ్రాయుటకు సంకోచించి, వ్యాపారము అని వ్రాసిన మిత్రులను మేమెరుగుదుము. ఆ సంకోచమును వారికి నేర్పినదెవరు? తండ్రులు కాదు. మన తరగతి గదులే. చేతిపని తక్కువ, నోటి చదువు ఎక్కువ అను భేదమును బల్లపై వ్రాయకయే మనము నేర్పుచున్నాము. ఇది మగపిల్లల పని యను భావము కూడ ఇటువంటిదే. సోదరీమణులు కారు నడుపుచున్న ఈ దినములలో ఆ కారును ఆపునదేదో తెలిసికొను హక్కు వారికి లేదనుట అన్యాయము. పిస్టన్‌ను నెట్టునది కండబలము కాదు, సీ క్లాంపు మర.

మన పత్రికకు ఉర్దూ పుటలు ఒక వైపు, తెలుగు పుటలు మరొక వైపు ఉన్నవి. షెడ్డులో మాత్రము ఈ విభజన ఏనాడును లేదు. ఉస్తాద్, షాగిర్ద్, పానా, జాకీ, నట్టు, తీగ, సుత్తి అన్నీ ఒకే వాక్యములో ఇముడును. పని నేర్చుకొనువారికి భాష అడ్డు రాలేదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

కావున కళాశాల కమిటీ వారికి మా సవినయ విన్నపములు ఇవి. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక బల్లపై పాత కాలిపర్, డిస్కు, అరిగిన ప్యాడ్లు, క్రొత్త ప్యాడ్లు ఒక్కొక్క జత ఉంచవలెను. పాత సామానుల దుకాణములో ఇవి స్వల్పమైన వెలకే దొరకును. విద్యార్థులు స్కేలుతోను, వెర్నియర్‌తోను వాటి మందము కొలిచి నోటు పుస్తకములో వ్రాయవలెను. ఏటేటా ఒక శనివారము అనుభవజ్ఞుడైన ఉస్తాదుగారిని ఆహ్వానించి, ఆయన చేత పాఠము చెప్పించవలెను. వారికి ఉపన్యాసకునికి ఇచ్చు గౌరవ వేతనమే ఇవ్వవలెను, ఉపన్యాసకుడు కూర్చుండు కుర్చీయే వేయవలెను. పని క్రమము, చేయరాని పనులు తెలుపు ఒక కరపత్రమును ఉర్దూలోను, తెలుగులోను విద్యార్థులే తయారుచేసి, ఉస్తాదుగారు సరిచూచిన తరువాత పంచవలెను. ఆయన ఎదుట రెండుమారులు పని చేసి చూపనివారు ఇంటివద్ద ఒంటరిగా ఇందుకు పూనుకొనరాదని నియమము పెట్టవలెను.

క్రొత్త భవనము కట్టించుడని మేము కోరుట లేదు. ఒక బల్ల, ఒక శనివారము, ఒక గురువు, ఇంతే మా కోరిక. పరీక్షలో ఘర్షణను గురించి వ్రాసిన వందలాది జవాబు పత్రములు ఏడాది తిరుగకముందే చిత్తు కాగితములవుతున్నవి. ఆ బల్లవద్ద నేర్చిన ఒక్క విద్యార్థి ఏ వర్షపు రాత్రియో రహదారిపై కాలు అదిమినప్పుడు కారు ఆగవలసినచోట ఆగినచో, ఆ ఇంటివారికి మన కళాశాల చేసిన ఉపకారము ఏ పట్టాలోను వ్రాయనక్కరలేదు.